సంసద్ వెబ్‌సైటులో ప్రశ్నల విభాగం: జవాబులు ఉన్నాయి, చదివే పద్ధతి తెలియాలి

ఎంపీలు ప్రభుత్వాన్ని ఏమడిగారో, మంత్రి ఏం చెప్పారో అసలు కాగితం చూడాలంటే పార్లమెంటు వెబ్‌సైటు సంసద్ డాట్ ఇన్‌కు వెళ్లాలి. లోక్‌సభ, రాజ్యసభ రెండింటి ప్రశ్నలూ అక్కడ ఉంటాయి. డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఇంత విలువైన సరుకు ఉన్నా చాలామంది ఒకసారి వెతికి, ఏమీ రాలేదని వదిలేస్తారు. తప్పు కొంత సైటుది, కొంత వెతికే తీరుది.

సభ జరిగే రోజుకు లోక్‌సభలో 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. రాజ్యసభలో ఇవి 15, 160. స్టార్డ్ ప్రశ్నకు మంత్రి సభలో లేచి చెప్పాలి, దానిపై అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. అన్‌స్టార్డ్‌కు రాతపూర్వక జవాబు మాత్రమే. టీవీలో కనిపించేది మొదటిదే అయినా, రాష్ట్రాలవారీ లెక్కలు కావాలంటే అన్‌స్టార్డ్‌తోనే మొదలుపెట్టండి.

వెతికేటప్పుడు ముందు మంత్రిత్వ శాఖను సరిగ్గా ఎంచుకోవాలి. 112 అత్యవసర నంబరు హోం శాఖ కింద ఉంటుంది. నిర్భయ నిధి మొత్తం లెక్కకు మహిళా శిశు అభివృద్ధి శాఖను చూడాలి. రోడ్డు ప్రమాదాలు రోడ్డు రవాణా శాఖవి. శాఖ తప్పితే ఫలితాలు సున్నా. శీర్షికలు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటాయి కాబట్టి తెలుగులో టైపు చేస్తే లాభం లేదు. పొడుగాటి వాక్యం కాకుండా ఒకటి రెండు మాటలే ఇవ్వండి.

దొరికిన జవాబును చదవడంలోనే అసలు మెలకువ ఉంది. ప్రశ్నను (ఎ), (బి), (సి) అని ముక్కలుగా అడుగుతారు. జవాబు తరచుగా ‘(ఎ) నుంచి (సి) వరకు’ అని ఒకే పేరాగా వస్తుంది. నిధులు ఎంత, ఖర్చు ఎంత, మిగిలితే కారణమేంటి అని అడిగితే, మొదటి రెండూ చెప్పి మూడోది జారిపోయే చోటు ఇదే. పెన్సిల్‌తో ఒక్కో ముక్కకూ టిక్కు పెట్టుకుంటూ చదవాలి. కేటాయించినది, విడుదల చేసినది, ఖర్చయినది వేర్వేరు అంకెలు. మొదటిదొక్కటే ఉంటే పని జరిగిందనుకోకూడదు.

నేరాల గురించి అడిగితే ‘పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్రాల అంశాలు’ అనే వాక్యం తప్పకుండా ఎదురవుతుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రెండో జాబితాలో, అంటే రాష్ట్రాల జాబితాలో, అవి 1, 2 అంశాలు కాబట్టి చట్టప్రకారం సరైనదే. కానీ కేంద్ర నిధుల గురించి, కేంద్రం కిందే ఉండే ఢిల్లీ పోలీసుల గురించి అడిగినప్పుడు ఆ వాక్యంతో ఆగిపోవడం జవాబు కాదు. మన ఊరి పోలీస్ స్టేషన్ సంగతికి అసెంబ్లీ ప్రశ్నలే చూడాలి. దేశవ్యాప్త నేరాల లెక్కలు వేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ అంకెల్లో ఏడాదిని గమనించండి: 2022 నేరాల నివేదిక 2023 డిసెంబరులో గాని రాలేదు. 2014కు ముందు పట్టికల్లో తెలంగాణ విడిగా ఉండదు, పాత, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పుదారి పడతారు.

సైటు పెద్ద లోపం ఇది: స్టార్డ్ ప్రశ్న పీడీఎఫ్‌లో రాత జవాబే ఉంటుంది. మంత్రిని నిలదీసిన అనుబంధ ప్రశ్నలు కావాలంటే అదే తేదీ చర్చల ప్రతిలో వెతుక్కోవాలి. ఇంకోటి, ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అంటే అది హామీ కింద లెక్క, 3 నెలల్లో నెరవేర్చాలి. తర్వాత వచ్చిన వివరం పాత జవాబు పక్కన కనిపించదు. సభ ముందు పెట్టిన హామీల అమలు నివేదికలు తిరగేయాల్సిందే. ఒక్క లింకు పెడితే తీరే బాధ ఇది, ఇంతవరకు పెట్టకపోవడం అన్యాయం.

పీడీఎఫ్ దింపుకున్నాక ఫైలు పేరులో సభ, సెషన్, తేదీ, స్టార్డా అన్‌స్టార్డా అన్నది రాసుకోండి. లోక్‌సభలో ప్రశ్నల నంబర్లు ప్రతి సెషన్‌కూ మళ్లీ 1 నుంచే మొదలవుతాయి, ఒక్క నంబరు రాసుకుంటే ఆ జవాబు మళ్లీ దొరకదు.