నాళాలు మూసే హ్యాండ్‌పీస్: ఎనిమిది నెలల వాడకంలో తెలిసినవి

తిరుపతిలో 30 పడకల నర్సింగ్ హోమ్ ఒకదానిలో ఆపరేషన్ థియేటర్ పరికరాల బాగోగులు చూసుకోవడం నా ఉద్యోగం. ఎనిమిది నెలలుగా మేము వాడుతున్న బైపోలార్ వెస్సెల్ సీలింగ్ హ్యాండ్‌పీస్ (రెండు దవడల నడుమ కరెంటు పంపి రక్తనాళాన్ని మూసే చేతి పరికరం) గురించి, ముఖ్యంగా దాని పిడిలో దాగి ఉన్న వంగే సర్క్యూట్ గురించి, ఇటువంటిదే కొనాలని ఆలోచిస్తున్న చిన్న ఆసుపత్రుల వారి కోసం రాస్తున్నాను. నడుమ ఒకసారి అది మొరాయించింది. ఆ తప్పులో మా వాటా కూడా ఉంది కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

థియేటర్లో అందరం దీన్ని కూడా కాటరీ అనే పిలుస్తాం కానీ, అసలు కాటరీ అంటే కాల్చిన లోహాన్ని ఒంటికి తాకించడం. ఇక్కడ హై ఫ్రీక్వెన్సీ కరెంటు ప్రవహించడం వల్ల కణజాలమే లోపలి నుంచి వేడెక్కుతుంది. 1926లో బోస్టన్‌లో సర్జన్ హార్వే కుషింగ్ మెదడు ఆపరేషన్‌లో విలియం బోవీ తయారుచేసిన కరెంటు యంత్రాన్ని వాడిన నాటి నుంచి నేటి వరకు ఆ సూత్రం అదే. కొత్తగా వచ్చింది, ఎప్పుడు ఆపాలో యంత్రానికి తెలియడం. హ్యాండ్‌పీస్ దవడలు రక్తనాళాన్ని గట్టిగా అదిమి పట్టుకున్నాక కరెంటు వెళుతుంది, నాళం గోడల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ రూపు మారి రెండు గోడలూ ఒకటిగా అతుక్కుంటాయి, నీరు ఆవిరయ్యేకొద్దీ కణజాలపు ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, పెరుగుతుంది. హ్యాండ్‌పీస్‌కు ఈ కరెంటు ఇచ్చే పెట్టె, అంటే జనరేటర్, ఆ పెరుగుదలను కొలుస్తూ ఉండి, తగిన స్థాయి రాగానే కరెంటు ఆపి బీప్ వినిపిస్తుంది. 7 మిల్లీమీటర్ల వ్యాసం గల నాళాల వరకు దీనితో మూయవచ్చు. మా సర్జన్ గారు గర్భసంచి, థైరాయిడ్ ఆపరేషన్లలో దీన్ని వాడుతున్నారు. దారంతో ముడి వేయవలసిన చోట్లు బాగా తగ్గాయని ఆయనే చెప్పారు. అతుకు విషయంలో ఆయన నోట ఇప్పటివరకు ఫిర్యాదు రాలేదు.

నా ఆసక్తి అంతా పిడి లోపలి సంగతి మీద ఉంది. మా పాత కాటరీ పెన్సిళ్లలో బటన్ కింద సన్నని తీగలు టంకం వేసి ఉండేవి. మెడ దగ్గర వంగి వంగి అవి తెగిపోయేవి. ఈ హ్యాండ్‌పీస్‌లో వాటి స్థానంలో తేనె రంగు పట్టీ ఒకటి ఉంది. సెల్‌ఫోన్ రిపేరు చేసేవారు ఫ్లెక్స్ అనే వస్తువు ఇదే జాతిది: పాలిఇమైడ్ అనే ప్లాస్టిక్ పొరలు రెండింటి నడుమ పలుచని రాగి గీతలు. అది పిడి వంపును అంటిపెట్టుకుని వచ్చి, రెండు బటన్ల సంకేతాలను మోస్తుంది, పరికరాన్ని జనరేటర్‌కు గుర్తు చెప్పే చిప్‌ను తన మీదే నిలుపుకుంటుంది, పిడికీ దవడలకూ నడుమ ఉండే కాడ తిరిగే చోట గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. దవడలకు అసలు కరెంటు మోసే తీగలు మాత్రం వేరుగా, మందంగా ఉన్నాయి. మన పక్క శ్రీహరికోట నుంచి ఎగిరే ఉపగ్రహాలకు చుట్టే బంగారు రంగు పొరలు కూడా పాలిఇమైడ్‌వే అని చెబితే మా సిస్టర్లు నమ్మలేదు.

పదే పదే కదిలే చోట పట్టీని దాని మందానికి దాదాపు 100 రెట్ల వ్యాసార్ధం కంటే బిగువుగా వంచరాదని ఇంజనీర్లు ఒక లెక్క పాటిస్తారు. కాడ దగ్గరి చుట్టను వదులుగా ఉంచడం చూస్తే ఆ లెక్కను ఇక్కడ గౌరవించినట్లే ఉంది. విప్పి భూతద్దం కింద చూసినప్పుడు రాగి గీతల్లో ఒక్క పగులు కూడా కనిపించలేదు. తయారీలో పూర్తి మార్కులు ఈ భాగానికే వేస్తాను.

విప్పవలసిన అవసరం అయిదో నెలలో వచ్చింది. గర్భసంచి ఆపరేషన్ నడుమ సిస్టర్ "నొక్కినా పలకతా లేదు సార్" అంది. సర్జన్ గారు మారుమాట లేకుండా దారం అడిగి పాత పద్ధతిలోనే ముగించారు, పేషెంటుకు ఏ ఇబ్బందీ కలగలేదు. డీలర్ పంపిన మనిషి పట్టీ తెగిందని చూడకుండానే తేల్చేసి, హ్యాండ్‌పీస్‌ను చెన్నై పంపాలన్నాడు. వారంటీ ఎలాగూ తీరిపోయింది కనుక నేనే విప్పాను. పట్టీ చెక్కుచెదరలేదు, అది కనెక్టర్‌తో కలిసే చోట మాత్రం పాత రాగి చెంబుకు పట్టే చిలుము పచ్చగా పేరుకుని ఉంది.

పాలిఇమైడ్ వేడికి బెదరదు, పరికరాల మీది క్రిములను ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లోని 134 డిగ్రీల ఆవిరి దానికి ఒక లెక్క కాదు. అయితే అది తన బరువులో 2 నుంచి 3 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. పైగా మా వాళ్లు కనెక్టర్ మూత పెట్టకుండానే హ్యాండ్‌పీస్‌ను మొత్తంగా ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి, బోరు నీటితో కడిగారు. అదే నీరు మా ఆటోక్లేవ్ లోపల తెల్లని ఉప్పు పొరలు కట్టిస్తూ ఉంటుంది. ఆ ఉప్పు తేమతో కలిసి రాగిని తిన్నది. మూత పెట్టి తీరాలన్న మాట మాన్యువల్‌లో ఉంది, కానీ 40 పేజీలు దాటాక, చిన్న అక్షరాల్లో. శుభ్రం చేసే ఆయా చదివే భాషలో ఒక్క బొమ్మయినా అతికించి ఇవ్వవలసింది.

మరో రెండు అభ్యంతరాలు చెప్పాలి. బ్రోచర్‌లో "స్మార్ట్" అని రాసినది చూసి దవడల వేడిని పరికరం కొలుస్తుందని మా యాజమాన్యం భావించింది. ఇందులో ఉష్ణోగ్రత సెన్సర్ లేదు, కొలిచేది ఇంపిడెన్స్ మాత్రమే. బీప్ వచ్చాక కూడా దవడలు కొంతసేపు వేడిగానే ఉంటాయి, ఆ సమయంలో పేగుకు తగిలితే కాలుతుంది. మూత్రనాళం పక్కన, థైరాయిడ్‌లో గొంతు నరం పక్కన సర్జన్ చూపించే జాగ్రత్తను ఏ చిప్ కూడా తగ్గించదు. రెండవది వాడకాల లెక్క. చిప్‌లో రాసి ఉన్న సంఖ్య పూర్తయితే జనరేటర్ ఆ హ్యాండ్‌పీస్‌ను తీసుకోదు, అది భద్రత కోసమే కనుక తప్పు పట్టను. కానీ ఉదయం పరీక్ష కోసం నేను ఒకసారి జనరేటర్‌లో గుచ్చి తీసినా అది కూడా ఒక ఆపరేషన్ కిందే జమ అవుతోంది. ఇంత ధర పెట్టి కొన్న వస్తువు విషయంలో ఇది అన్యాయం.

నెలకు పది పెద్ద ఆపరేషన్లు కూడా లేని చోట దీన్ని కొనమని చెప్పలేను. అంతకు మించి ఉండి, శుభ్రం చేసే పనికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టగలిగితే నిస్సంకోచంగా తీసుకోవచ్చు. మేము ఇప్పుడు చివరి కడుగుడుకు డిస్టిల్డ్ వాటర్ వాడుతున్నాము, ఆటోక్లేవ్ నుంచి తీశాక కనెక్టర్ పూర్తిగా ఆరిందో లేదో చూసి రిజిస్టర్‌లో సంతకం పెడుతున్నాము. చిలుము తుడిచి పిన్నులు మార్చిన ఆ పాత హ్యాండ్‌పీస్‌ను మళ్లీ పేషెంటు మీద వాడనివ్వలేదు. దాన్ని కొత్త సిస్టర్లకు నేర్పడానికి ఉంచాము. దాని స్థానంలో తెప్పించిన రెండో దానితో పాటు కనెక్టర్ మూతలు విడిగా నాలుగు అడిగాను. డీలర్ రెండే పంపాడు.