రిసెప్షన్‌లో అందరి చేతిలో కెమెరానే: ఆపాలా, వదిలేయాలా, ఫోటోలు మనమే ఇవ్వాలా?

బంధువుల సెల్‌ఫోన్ల గురించి కాదు ఇది, వాళ్లింటి పెళ్లి, వాళ్లిష్టం. పెళ్లి ఫోటోలు తీసే మనలాగే డబ్బు తీసుకుని పనికి వచ్చినవాళ్ల సంగతి మాట్లాడుతున్నాను. డెకరేషన్ వాళ్లు, మేకప్ ఆర్టిస్టు, ఎంట్రీ సెటప్ కుర్రాళ్లు, క్యాటరింగ్, డీజే, ఈమధ్య కొత్తగా ఐఫోన్‌తో వచ్చి అదే రాత్రి రీల్ చేసిచ్చే కంటెంట్ క్రియేటర్లు. వీళ్లకి వచ్చే ముహూర్తాలకి పని దొరకాలంటే ఇన్‌స్టాలో కొత్త పని కనిపిస్తూ ఉండాలి, అందుకే తీస్తారు. ఆ అవసరం నిజమైనదే. కానీ మనకి జరిగే నష్టం కూడా నిజమైనదే.

పెళ్లిజంట హాల్లోకి నడిచొచ్చే ఎంట్రీ సంగతే చూడండి. హాల్లో లైట్లు తగ్గిస్తారు, డ్రై ఐస్ పొగ వస్తుంది, రెండు వైపులా కోల్డ్ పైరో, అంటే మెరుపుల ఫౌంటెన్, లేస్తుంది, మొత్తం కలిపి నిమిషం కూడా ఉండదు. సరిగ్గా అప్పుడే సెటప్ వాళ్ల కుర్రాడు గింబల్‌కి, అంటే ఫోన్ కుదుపు లేకుండా పట్టే స్టాండుకి, ఫోన్ తగిలించి జంటకి ఆరడుగుల ముందు వెనక్కి వెనక్కి నడుస్తుంటాడు. మన వైడ్ షాట్‌లో మొదటినుంచి చివరిదాకా ఆ అబ్బాయి వీపే. మళ్లీ నడవమందామంటే పైరో అయిపోయింది, పొగ పోయింది, అమ్మాయి వాళ్ల నాన్నగారు అప్పటికే స్టేజీ ఎక్కేశారు. ఇంకోటి లైటు. స్టేజీ మీద డెకరేషన్ వాళ్ల పసుపు లైట్లకి మనం కెమెరా సెట్ చేసుకుంటాం, పక్కనుంచి ఎవరో ఫోన్‌కి తగిలించిన తెల్లటి ఎల్ఈడీ వేస్తారు. పెళ్లికూతురి ఒక చెంప నీలంగా, ఇంకో చెంప పసుపుగా వస్తుంది. అది ఎడిటింగ్‌లో సరిచేయాలంటే ఒక్కో ఫోటోకి విడిగా కూర్చోవాలి. ఆల్బమ్ వచ్చాక పెళ్లివారు అడిగేది మనల్నే కదా.

మొదటి దారి, ఆపేయడం. అగ్రిమెంట్‌లో మేము తప్ప వేరే ప్రొఫెషనల్స్ ఎవరూ తీయకూడదు అని ఒక లైను రాసుకోవడం. నెట్లో దొరికే అమెరికా అగ్రిమెంట్ నమూనాల్లో ఈ లైను కనిపిస్తుంది, చాలామంది దాన్ని అలాగే దించేసుకుంటున్నారు. ఇబ్బంది ఏమిటంటే ఆ కాగితం మీద సంతకం పెట్టింది పెళ్లివారు, డెకరేటర్ కాదు. అతన్ని ఆపే బాధ్యత చివరికి పెళ్లి పనుల్లో తలమునకలైన తండ్రి మీదో అన్న మీదో పడుతుంది. రిసెప్షన్ మధ్యలో ఆయన దగ్గరికెళ్లి "అతన్ని తీయొద్దని చెప్పండి సార్" అంటే మనమే చెడ్డవాళ్లమవుతాం. అదీగాక ఊళ్లో ఫంక్షన్ హాళ్లు అవే, ఈవెంట్ వాళ్లు వాళ్లే, ఈరోజు గొడవ పెట్టుకున్న మనిషే వచ్చే నెల ఇంకో పెళ్లిలో ఎదురవుతాడు. మనకి పనులు చెప్పేది కూడా చాలాసార్లు వాళ్లే.

రెండో దారి, చూసీ చూడనట్టు వదిలేయడం. చిన్న పెళ్లిలో, ఒక మేకప్ అమ్మాయి తన ఫోన్‌తో నాలుగు క్లిప్పులు తీసుకుంటే దీంట్లో తప్పేం లేదు, హాయిగా వదిలేయండి. పెద్ద రిసెప్షన్‌లో మాత్రం కుదరదు. క్యాండిడ్, ట్రెడిషనల్, క్రేన్, లైవ్ అని మన టీమే స్టేజీ ముందు సగం ఆక్రమిస్తుంది, దానికి తోడు వీళ్లంతా చేరితే అక్షింతలు వేయడానికి వచ్చిన పెద్దవాళ్లకి దారి ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

మూడోది, వాళ్లకి కావలసిన ఫోటోలు మనమే తీసి ఇవ్వడం. నా ఓటు దీనికే, కాకపోతే ఊరికే మాటిస్తే సరిపోదు.

డెకరేటర్‌కి కావలసింది మనుషులు లేని ఖాళీ స్టేజీ, అన్ని లైట్లూ వెలుగుతూ. కానీ మన దగ్గర అతిథులు గేటు దాకా వచ్చేసినా పూలు గుచ్చుతూనే ఉంటారు, అందుకే ఆ ఫోటో అప్పుడు కుదరక తర్వాత జనంలో దూరి తీస్తారు. మొదటి అతిథికి ముందు పావుగంట స్టేజీ ఖాళీగా ఇస్తే, ట్రైపాడ్ మీద నేనే తీసిస్తానని ముందురోజే చెప్పండి, ఆ పావుగంట కోసం వాళ్లే పని త్వరగా ముగిస్తారు. మేకప్ ఆర్టిస్టుకి కావలసింది క్లోజప్, కిటికీ వెలుతురులో ఒకటి, జడ వెనకనుంచి ఒకటి, నగలతో ఒకటి. ఎలాగూ మనం తీసేవే. క్యాటరింగ్ వాళ్లకి బఫే తెరవకముందు రెండు ఫ్రేములు చాలు.

ఎప్పుడిస్తాం అన్నదే అసలు కిటుకు. నెల తర్వాత ఇచ్చే ఫోటో వాళ్లకి దండగ, అప్పటికి ఫోన్‌లో తీసిందే పెట్టేస్తారు. మర్నాడు సాయంత్రానికల్లా ఓ పది ఫోటోలు, పొడవు వైపు 2048 పిక్సెళ్లు, లైట్‌గా కరెక్షన్ చేసి పంపండి. ఫోన్‌లో చూడ్డానికి అది ధారాళంగా సరిపోతుంది, ఫ్లెక్సీ కొట్టించడానికి సరిపోదు. ట్యాగ్ చేయమనండి, లేదా ఇద్దరి పేజీల్లోనూ కనిపించేలా కొలాబ్ పోస్టు పెట్టమనండి. ముహూర్తాలు వరసగా ఉన్న నెలల్లో ఈ పది ఫోటోలు కూడా బరువే, కాబట్టి చేయలేని మాట ఇవ్వకండి.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు, పెళ్లివారి అనుమతి. మన కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. తీసింది మనమైనా హక్కు వాళ్లది. అమెరికాలో మామూలుగా ఇది తలకిందులుగా ఉంటుంది, హక్కు ఫోటోగ్రాఫర్‌ది, అందుకే అక్కడి అగ్రిమెంట్ మనకి పనికిరాదు. పబ్లిసిటీకి వాడుకోవచ్చా, డెకరేటర్ లాంటి వెండర్లకి ఇవ్వచ్చా అని అగ్రిమెంట్‌లోనే రెండు లైన్లు రాసి సంతకం తీసుకోండి. వద్దు అన్న కుటుంబం విషయంలో ఖాళీ స్టేజీ, బఫే తప్ప ముఖాలున్న ఫోటో ఎవరికీ పంపకూడదు, ఎంత దగ్గరి డెకరేటరైనా సరే.

ఇక డెకరేటర్ తన సొంత కెమెరా టీమ్‌ని, స్టాండు లైట్లతో సహా తెచ్చాడనుకోండి. అక్కడ మూడో దారి పనిచేయదు, మొదటిదే సరైంది. అది కూడా మనం అక్కడికక్కడ వాదించడం కాదు, బుకింగ్ అప్పుడే పెళ్లివారి చేత అతనికి చెప్పించాలి. కంటెంట్ క్రియేటర్‌ని మాత్రం పెళ్లివాళ్లే డబ్బిచ్చి పిలుచుకున్నారు కాబట్టి ఆపే హక్కు మనకి లేదు, ఎంట్రీలో ఎవరు ఎడమ, ఎవరు కుడి అని ముందే పంచుకోవాలి.

రెండు రోజుల ముందు అందరినీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు చేసి ఇలా పెట్టండి, దాదాపు పని అయిపోతుంది: "నమస్తే అండీ, రిసెప్షన్ ఫోటోలు మేం చూస్తున్నాం. ఆరున్నరకి స్టేజీ ఖాళీగా ఉంటే మీ డెకరేషన్ మేమే తీస్తాం, మర్నాడు సాయంత్రం ఇందులోనే పంపుతాం. ఎంట్రీ అప్పుడు, కేక్ అప్పుడు మధ్య దారి మాకు వదిలేయండి, ఫోన్‌తో తీసుకోవాలంటే స్టేజీకి కుడివైపునుంచి తీసుకోండి, లైట్ మాత్రం వేయొద్దు. మేడమ్, అమ్మాయి రెడీ అయ్యాక పది నిమిషాలు మాకివ్వండి, మీకు కావలసిన క్లోజప్‌లు కూడా అప్పుడే తీసేస్తాం."