పట్టీ మంచిదే, క్లిప్పే కొంప ముంచింది: మా పద్మినికి మూడున్నరేళ్ల సైడ్ బీడింగ్

మా 1978 ప్రీమియర్ పద్మిని కారుకి కొత్త సైడ్ బీడింగ్, అంటే పక్కల పొడవునా మెరిసే స్టీలు పట్టీలు, వేయించి మూడున్నరేళ్లయింది. వేయించిన రెండు నెలలకే ఊరంతా చాటింపు వేసినవాణ్ణి నేనే. కళ్లు మూసుకుని కొనండి అన్నాను. నా మాట నమ్మి ముగ్గురు కొన్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ నాతో మామూలుగానే మాట్లాడుతున్నారు. మూడో ఆయన కోసమే ఇది రాస్తున్నాననుకోండి.

అప్పుడు చెప్పినవి అబద్ధాలు కావు. కాకపోతే అవి షెడ్డులో నిలబెట్టిన కారు గురించి చెప్పిన మాటలు. ఎండలో తిరిగి, నాలుగు పెళ్లిళ్లకు వెళ్లొచ్చిన కారు గురించి చెప్పాలంటే కొంచెం సవరించుకోవాలి.

కారు గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. మా వయసు వాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ వెనక సీట్లో ఐదుగురి మధ్య ఇరుక్కుని పెళ్లికి వెళ్లినవాళ్లే. నాన్న దాన్ని చివరిదాకా పాత పేరుతో ఫియట్ అనే అన్నారు, పద్మిని అని ఒక్కసారి కూడా అనలేదు. నేరుగా బీడింగ్ సంగతికి వస్తాను.

సెట్ చెన్నైలో, కార్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో కొన్నాను. ఒక్కో వైపు నాలుగు ముక్కలు: ముందు ఫెండరుకొకటి, రెండు తలుపులకు రెండు, వెనక ఫెండరుకొకటి. రెండు వైపులకూ కలిపి 9,500 రూపాయలు. పట్టీని రేకుకు పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు నలభై ఫ్రీ. ఆ ఫ్రీ అన్న మాట దగ్గరే నాకు అనుమానం రావాల్సింది.

అనుమానం వచ్చింది కానీ, రావాల్సిన చోట రాలేదు. స్టీలు అసలుదా, ఇనుముకు క్రోమ్ పూతా అని తేల్చుకోవడానికి జేబులో అయస్కాంతం వేసుకెళ్లాను. స్టెయిన్‌లెస్ అయితే అంటుకోదని ఎవరో చెప్పగా విన్నాను. పెడితే టక్కున అంటుకుంది. డబ్బులు తిరిగి ఇచ్చేయమని గొడవకు దిగాను కూడా. దుకాణం ఆయన ఏమీ మాట్లాడకుండా పట్టీని తిరగేసి, లోపలి అంచును ఆకురాయితో నాలుగుసార్లు రుద్ది చూపించాడు. పూత ఊడలేదు, కింద వేరే రంగూ కనబడలేదు, అదే తెలుపు. తర్వాత తెలిసిందేమిటంటే, కార్ల పట్టీలకు ఎక్కువగా వాడే 430 రకం స్టెయిన్‌లెస్‌కు అయస్కాంతం అంటుకుంటుంది. వంటింటి గిన్నెలకు వాడే 304 రకానికి అంటుకోదు. నా పరీక్ష గిన్నెల కొట్లో చేయాల్సింది.

ఆ స్టీలు విషయంలో ఇప్పటికీ నాకు ఫిర్యాదు లేదు. మూడు వానాకాలాలు చూసింది. ఒక్క మచ్చ లేదు. గీతలు పడితే ఆటోనగర్‌లో బఫింగ్ చేయించాను, అద్దంలా అయింది. పట్టీ ఒక్కదానికే మార్కులు వేయమంటే పదికి తొమ్మిది వేస్తాను.

ఇక బిగింపు. మా కారుకి ఇరవై ఏళ్ల కిందట జరిగిన టింకరింగులో (రేకు పనిలో) క్లిప్పులు దూర్చే పాత రంధ్రాలన్నీ మూసేశారు. మళ్లీ వేయాలి. రంగు వేశాక వేద్దాం, ఏముంది అనేవాళ్ల మాట వినకండి. ముందే వేసి, పట్టీ పెట్టి చూసుకుని, తీసేసి, అప్పుడు రంగుకు పంపాలి. అలా చేస్తే రంధ్రం అంచుకు కూడా ప్రైమరు, రంగు పడతాయి. ఈ ఒక్క విషయంలో నేను మేస్త్రీ గారి మాట విన్నాను.

వరస సరిచూడటానికి ముందు దీపం నుంచి వెనక దీపం దాకా నూలుదారం కట్టాం. దారం సూటిగానే ఉంది. కానీ రోడ్డుకు అవతల నిలబడి చూస్తే మధ్యలో కుంగినట్టు కనిపించింది. కారు పక్కభాగం గోడలా చదునుగా ఉండదు కదా, కొంచెం ఉబ్బి ఉంటుంది. చివరికి దారం పక్కన పెట్టి, మాస్కింగ్ టేపు అంటించి, నేను రోడ్డు అవతల నుంచి "కొంచెం పైకి, కొంచెం కిందకి" అంటుంటే మేస్త్రీ జరుపుతూ పోయారు. దానికే ఒక పూట పట్టింది. టీ కొట్టు వాళ్లు కూడా సలహాలిచ్చారు.

అప్పట్లో నేను అందరి దగ్గరా పొగిడింది ఒక విషయం గురించే. ఫెండరు మీది పట్టీకీ, తలుపు మీది పట్టీకీ మధ్య సందు దాదాపు కనిపించదు. ఒకే ముక్కలా ఉంటుంది. "కంపెనీ నుంచి వచ్చినప్పుడు కూడా ఇంత నీట్‌గా ఉండదు" అన్నాను. అన్నమాట నిజమే. ఎందుకు ఉండదో ఆ తర్వాత తెలిసింది.

రెండో వేసవిలో, మే నెల. ఏలూరులో పెళ్లి. బాబాయ్ ముందు సీట్లో, పిన్ని, మా ఆవిడ, పిల్లలు వెనక. హనుమాన్ జంక్షన్‌లో సోడా తాగుదామని ఆపాను. బాబాయ్ తలుపు తెరవబోతే సగంలో ఆగింది.

"ఏరా, పట్టేసిందేంట్రా?"

"బాబాయ్, ఆగు ఆగు, తొయ్యకు!"

ఫియట్ తలుపంటే గట్టిగా తొయ్యాలని ముప్పై ఏళ్ల అలవాటు ఆయనది. భుజం పెట్టి తోశాడు. పలక మీద మేకుతో గీసినట్టు కర్రుమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే ముందు తలుపు మీది పట్టీ ముందుకు జారి, దాని మొన ఫెండరు మీదికి అర అంగుళం వచ్చేసి ఉంది. తలుపు తెరిచినప్పుడు దాని ముందు అంచు బయటికి రాదు, లోపలికి తిరుగుతుంది. దాంతో ఆ మొన ఉలిలా ఫెండరులోకి దిగింది. రంగు పోయింది, ప్రైమరు పోయింది, ఆ కింద రూపాయి బిళ్లంత ముక్క ఊడి రోడ్డు మీద పడింది.

వంగి తీసి చూశాను. లప్పం, రేకు సొట్టలు పూడ్చే ముద్ద. రెండు అట్టముక్కలు కలిపినంత మందం. "లప్పం ఎక్కడా వేయలేదండీ, అంతా రేకే" అని నాతో ప్రమాణం చేసినంత పని చేసిన పెయింటరు గుర్తొచ్చాడు. ఆ పెళ్లిలో నేను భోజనం సరిగ్గా చేయలేదు. బాబాయ్ మాత్రం చేశాడు.

ఎందుకు జారిందో ఇంటికొచ్చాక నేల మీద కూర్చుని చూస్తే అర్థమైంది. ఈ పట్టీ వెనకవైపు బోలుగా ఉంటుంది, రెండు అంచులూ లోపలికి మడిచి ఉంటాయి. క్లిప్పు ఆ మడతలను లోపలి నుంచి పట్టుకుంటుంది, పట్టీ బయటికి ఊడకుండా. అంతే. పొడవునా జరిగితే దాన్ని ఆపేది ఏదీ లేదు. కొత్తలో ప్లాస్టిక్ బిగుతుగా ఉంటుంది కాబట్టి కదలదు. రెండు విజయవాడ ఎండాకాలాలు తగిలాక ఆ బిగుతు సడలింది. పైగా కారు తుడిచే కుర్రాడు రోజూ వెనక నుంచి ముందుకు, ఒకే ఊపులో గుడ్డ లాగుతాడు. బ్రేకు వేసినప్పుడు కూడా లాగేది ముందుకే. ఒక్కో రోజు వెంట్రుక మందం జరిగినా అర అంగుళం కావడానికి ఎంతసేపు? నేను మెచ్చుకున్న ఆ కనిపించని సందు కొంచెం పెద్దదై ఉంటే, జారిన సంగతి ముందే తెలిసేది, తలుపుకీ కాస్త వెసులుబాటు ఉండేది.

నిజానికి తెలుసుకోవడానికి నాకు అవకాశం ఉంది. అటక మీద మా పాత పట్టీలున్నాయి. వాటి చివర్లలో తుప్పు పట్టిన చిన్న స్క్రూలు ఉండటం నేను ముందే చూశాను. పాతకాలపు చాదస్తం అనుకున్నాను. మేస్త్రీ గారికి చూపిస్తే నవ్వారు. "బాబూ, క్లిప్పు పట్టుకుంటుంది గానీ ఆపదు. ఆపేది ఈ నట్టే" అన్నారు. మరి బిగించేటప్పుడు చెప్పలేదేమని అడిగితే, "సెట్లో రాలేదు కదా" అన్నారు. అదీ నిజమే.

ఇప్పుడు ఒక్కో ముక్కకు ఒక చివర ఆయనే ఒక స్టీలు స్క్రూ పెట్టారు. స్క్రూ తలను రెండు పక్కలా ఆకురాయితో అరగదీస్తే పట్టీ బోలులోకి సరిగ్గా దూరుతుంది. కాడ రంధ్రంలోంచి లోపలికి పోతుంది, అక్కడ నట్టు బిగించాలి. తలుపులకైతే గ్లాసు హ్యాండిలూ ప్యాడూ ఊడదీయాలి. వెనక ఫెండరుకు డిక్కీలోంచి చెయ్యి పెట్టాలి. ముందు ఫెండరుకు చక్రం విప్పి కింద నుంచి తడుముకోవాలి. రేకుకీ నట్టుకీ మధ్య సైకిల్ ట్యూబు కత్తిరించి వేసిన వాషరు. తలుపు పట్టీ ముందు కొసను మరో మూడు మిల్లీమీటర్లు తగ్గించాం. సందు ఇప్పుడు కనిపిస్తుంది. కనిపించనీ.

ఇంకో తప్పు పూర్తిగా నాదే. మొదటిసారి బిగించినప్పుడు నీళ్లు దిగకూడదని ప్రతి రంధ్రంలోనూ సిలికాన్ కూరాను, బాత్‌రూమ్ సింకులకు వాడేది, వెనిగర్ లాంటి పుల్లటి వాసన వచ్చేది. క్లిప్పు తోసేటప్పుడు రంధ్రం అంచున రంగు ఎక్కడో ఒకచోట లేచిపోతుంది. ఆ సిలికాన్ ఆరేటప్పుడు వదిలే ఆమ్లం ఉత్త రేకును తినేస్తుంది. మొదటి వానాకాలానికే రెండు క్లిప్పుల కింద గోధుమ రంగు చారలు దిగాయి. నేనేమో పట్టీయే తుప్పు పడుతోందని దుకాణానికి ఫోన్ చేసి అరిచాను. తర్వాత మళ్లీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోలేదు. ఇక్కడ తీసుకుంటున్నాను. ఇప్పుడు రంధ్రం అంచుకు కుంచెతో ప్రైమరు పూసి, గ్రీజు రాసి, వాషరు వేస్తున్నాం. చారలు మళ్లీ రాలేదు.

ప్లాస్టిక్ క్లిప్పులన్నీ తీసేసి ఇనుప క్లిప్పులు వేసెయ్యమంటారేమో. నేనూ కోపంలో అదే అన్నాను. మేస్త్రీ ఒద్దన్నారు. ఇనుప క్లిప్పు రంగును గీరుతుంది, అదే తుప్పుకు దారి. కాబట్టి మధ్యలో ప్లాస్టిక్, చివర నట్టు. క్లిప్పుల్ని ఇంత తిట్టి మళ్లీ వాటినే కొన్నాను, ఈసారి డబ్బులిచ్చి.

రంధ్రాల గొడవ లేకుండా డబుల్ సైడ్ టేపుతో అంటించుకోవచ్చు కదా అంటే, నేను చెప్పగా కొన్న ముగ్గురిలో హైదరాబాద్ ఆయన అదే చేశారు. నిక్షేపంగా ఉంది. సర్వీసింగులో ప్రెషర్ నీళ్లు కొట్టినప్పుడు ఒక కొస మాత్రం లేచిందట. విశాఖలో బీచ్ రోడ్డు దగ్గరుండే ఆయనకు పట్టీలు మెరుస్తూనే ఉన్నాయి గానీ, లోపలి మామూలు ఇనుప నట్లు ఉప్పుగాలికి పొడిపొడి అయ్యాయి. నేను టేపు జోలికి పోకపోవడానికి కారణం వేరు. 50 ఏళ్లు దాటిన కార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. మా కారుకి 2028లో 50 నిండుతాయి. అప్పటికి బయటి నుంచి చూస్తే నాన్న కొన్నప్పటిలాగే ఉండాలని నా ఆశ. లోపల సైకిల్ ట్యూబు ఉందని ఎవరికీ చెప్పకండి.

మళ్లీ కొంటానా? పట్టీలైతే కొంటాను, అదీ నాకున్న పరిస్థితుల్లో: రేకుల షెడ్డు ఉంది, ఏడాదికి 1,500 కిలోమీటర్లు దాటి తిప్పను, చేతికందే దూరంలో ఓపికున్న మేస్త్రీ ఉన్నారు. అపార్ట్‌మెంట్‌లో ఎండకు వదిలేసేవాళ్లు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవాళ్లు చివర్లలో నట్లు లేకుండా మాత్రం బిగించుకోవద్దు. సెట్లో రాలేదు కదా అనుకోవద్దు.

ఫెండరు మీది గాటుకు ఇంకా రంగు వేయించలేదు. వేయిస్తే ఆ పెయింటరు దగ్గరికే వెళ్లాలి. ఎనిమిది ముక్కల్లో ఏడింటికి నట్లు పడ్డాయి. కుడివైపు వెనక ఫెండరు ముక్క మాత్రం డిక్కీలో పెట్రోలు ట్యాంకు అడ్డమొచ్చి అలాగే ఉండిపోయింది. ఆదివారం బండి బయటికి తీసే ముందు దాన్ని బొటనవేలితో వెనక్కి ఒకసారి నొక్కి బయల్దేరుతున్నాను.