పద్మినికి ఇంజెక్షన్ అన్నాడు, పొడిచింది నాకు

పేరు రాయను. రాస్తే రేపు లాయర్ నోటీసు అంటాడు. అవుటర్ రింగ్ రోడ్డు వైపు రేకుల షెడ్డు, ఇన్‌స్టాలో వారానికి మూడు రీళ్లు, ప్రతి రీల్ చివర బానెట్ మీద చెయ్యేసి ఒక సెంటిమెంట్ డైలాగు. బెంగళూరులో పాత బండ్ల పిచ్చి ఉన్న తెలుగువాళ్లకి ఈ ఆనవాళ్లు చాలు. ఇంజన్‌కి గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే పాతకాలపు కార్బురేటర్ పీకేసి, ఆ లెక్క కంప్యూటర్‌తో చూసే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడతానని ఆయన మీకూ చెప్పి ఉంటే, అడ్వాన్స్ ఇంకా కొట్టకపోతే, ఆగండి. కొట్టేసి ఉంటే ఇవాళే వెళ్లి మీ పాత కార్బురేటర్ ఇంటికి తెచ్చుకోండి. నిన్న సాయంత్రం జరిగిన గొడవ ఇది, రాత్రి నిద్ర లేదు, వరస తప్పితే సర్దుకుని చదవండి.

బండి 1978 ప్రీమియర్ పద్మిని కారు. నాన్న 1986లో మదనపల్లెలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ కిందే గేర్ రాడ్డు, సోలెక్స్ కార్బురేటర్. నాన్న పోయాక ఇక్కడికి తెచ్చుకున్నాను. ఆదివారం పొద్దున్నే తీసి, పిల్లల్ని ఎక్కించుకుని ఇడ్లీ తినడానికి జయనగర్ దాకా వెళ్లి రావడం, అంతే దాని పని. ఆ మాత్రానికే మొండికేసేది. చలికాలం చోక్ లాగి పావుగంట బతిమాలాలి. ఎండాకాలం సిల్క్ బోర్డు దగ్గర ఇరుక్కుంటే పెట్రోల్ పైపులోనే ఆవిరైపోయి బండి ఆగిపోయేది. దిగి, పంపు మీద తడిగుడ్డ వేసి, వెనకాల హారన్లు వింటూ నిలబడాలి. ఇవన్నీ మీకు కొత్త కాదు.

ఆ రోజుల్లోనే వీడి రీల్ కంటబడింది.

ఫోన్ చేస్తే మొదటి మాటే, "అన్నా, మాట వింటాంటే మనవైపే అనిపిస్తాంది, ఏ ఊరన్నా?" మదనపల్లె అన్నాను. "మాది పీలేరన్నా!" అయిపోయింది. నా బుర్ర అక్కడే ఆఫ్ అయింది. పధ్నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. పక్క టీమ్ వాడు అంతా పని చేస్తోంది అంటే లాగ్ చూపించు అంటాను. పీలేరు అన్నవాణ్ని మాత్రం ఏమీ అడగలేదు.

చెప్పడం బాగా చెప్పాడు, అది ఒప్పుకోవాలి. "బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉందన్నా, గాలి పలచన. కార్బురేటర్‌కి ఆ సంగతి తెలీదు, పాత లెక్కనే పెట్రోల్ పోస్తాది. ఇంజెక్షన్ అయితే గాలి ప్రెషర్ కొలిచి, ఇంజన్ వేడి కొలిచి, సైలెన్సర్ పైపులో మిగిలిన ఆక్సిజన్ కూడా కొలిచి అంతే పోస్తాది." ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అందుకే పడ్డాను. కిట్ ఇటలీ నుంచి వస్తుంది, ఇంజన్‌కి గాలి వదిలే కొత్త త్రాటిల్ బాడీ, ఆ ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్, టాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు, అన్నీ కలిపి 95,000. మూడు వారాలు.

మూడు వారాలు కాస్తా నాలుగు నెలలైంది. 95,000 కాస్తా 1,62,000 అయింది. మొదట 60,000 యూపీఐలో పంపాను. మిగతాది "క్యాష్ ఇచ్చేయన్నా, జీఎస్టీ మిగుల్తాది" అన్నాడు. ఇచ్చాను. బిల్లు లేదు. అవును, లేదు. తిట్టాలనుకున్నవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగి తిట్టేసి ముందుకు చదవండి. మా ఆవిడ ఆ పని ఇప్పటికే చేసింది.

బండి చేతికొచ్చిన మొదటి వారం పండగే. తాళం తిప్పగానే స్టార్ట్, చోక్ లాగే పని లేదు. అప్పుడు ఆయన తీసిన రీల్‌లో పళ్లికిలించుకుని నిలబడ్డ బట్టతల ఆసామి నేనే. రెండో వారం రాత్రిపూట తీశాను. సిగ్నల్ దగ్గర ఆగానో లేదో డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగింది, హెడ్‌లైట్లు మసకబారాయి, ఇంజన్ టక్కున ఆగిపోయింది. మళ్లీ సెల్ఫ్ కొడితే పంపు మూలుగుతోంది గానీ బండి అందుకోవట్లేదు. ఫోన్ చేస్తే "పెట్రోల్ లెక్కల మ్యాప్ సెట్ అవుతాంది అన్నా, కంప్యూటర్ నేర్చుకుంటాది". మూడో వారం మా పాప వెనక సీట్లోంచి "నాన్నా, బంకు వాసన" అంది. మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి, "పాత బండి అన్నాక వాసన రాదా సార్?"

సార్. గమనించారా? డబ్బు అందేదాకా అన్నా, అందాక సార్.

విల్సన్ గార్డెన్‌లో పాత ఫియట్లు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ముందే ఆయన దగ్గరికి వెళ్లాల్సింది. బానెట్ ఎత్తి చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏమప్పా, డైనమో బండికి కంప్యూటర్ పెట్టించినావా?" అన్నాడు. విషయం అదే. నా బండిలో కరెంటు తయారుచేసేది ఇప్పటి బండ్లలో ఉండే ఆల్టర్నేటర్ కాదు, పాతకాలపు డైనమోనే. ఐడిల్‌లో డైనమో ఇచ్చే కరెంటు నామమాత్రం, ఆ ఎర్ర లైటు అర్థం అదే. మామూలుగా పరవాలేదు, స్పార్క్ ఇచ్చే పాయింట్లకీ కాయిల్‌కీ బ్యాటరీ సరిపోతుంది. ఇప్పుడు దాని మీదే హెడ్‌లైట్లు, నిమిషం ఆగకుండా తిరిగే ఎలక్ట్రిక్ పంపు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టరు, దాన్ని నడిపే కంప్యూటర్ ఈసీయూ. వోల్టేజ్ పడిపోతే ఇంజెక్టర్ తెరుచుకోవడమే ఆలస్యమవుతుంది, ఇంకా పడితే ఈసీయూ రీసెట్ అయిపోతుంది. ఇంజెక్షన్ పెట్టే ముందు ఆల్టర్నేటర్ మార్చాలని ఎవరైనా మొదటి రోజే చెప్పాలి. ఈయన 1,62,000 తీసుకుని కూడా చెప్పలేదు.

వాసన సంగతి చూద్దామని ఫోన్ టార్చ్ వేసి పైపు మీద అక్షరాలు చదివాను. ఎస్ఏఈ జె30 ఆర్7. అంటే కార్బురేటర్ బండ్లకి వాడే మామూలు గొట్టం. కార్బురేటర్‌కి పెట్రోల్ 0.2, 0.3 బార్ ప్రెషర్‌తో వస్తుంది, ఇంజెక్షన్‌కి 3 బార్ దాకా. పది రెట్లు! దానికి ఆర్9 రకం గొట్టం ఉంటుంది, మీటరుకి కొన్ని వందలు ఎక్కువ. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రకం రబ్బరుకి అది పడదు. క్లిప్ దగ్గర గొట్టం చెమర్చి ఉంది. వేలితో తాకితే తడి. దానికి జానెడు దూరంలో సైలెన్సర్ మానిఫోల్డ్. వెనక సీట్లో నా కూతురు కూర్చుని వచ్చింది ఆ బండిలోనే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, ఒక్కోటి రాస్తుంటే బీపీ పెరుగుతోంది. వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కి మామూలుగా ఐదు వైర్లుంటాయి, నా బండికి ఉన్నదానికి నాలుగే, ఏదో తుక్కు బండి నుంచి పీకిన మామూలు సెన్సర్. ఇటలీ ఈసీయూ పెట్టె మీద కార్బన్ ఫైబర్ స్టిక్కర్ గోటితో గీకితే లేచొచ్చింది. లోపల ఆర్డుయినో మెగా అనే చిన్న సర్క్యూట్ బోర్డు మీద కట్టిన స్పీడ్యునో, ఎవరైనా సొంతంగా కట్టుకోగల ఈసీయూ. స్పీడ్యునో చెడ్డదని నేననట్లేదు, ఓపెన్ సోర్స్, ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసేవాళ్లు దానితో బండ్లు చక్కగా నడుపుతున్నారు. ఇటలీ అని ఎందుకు చెప్పాలి? ఈసీయూ పాస్‌వర్డ్ అడిగితే "ట్యూనింగ్ ఫైల్ మా ఇంటలెక్చువల్ ప్రాపర్టీ" అన్నాడు. ఊరికే దొరికే డిజైన్ మీద ఈయనకి ప్రాపర్టీ.

పెద్దాయన ఒకటే అన్నాడు. "నీ పాత కార్బురేటర్, మానిఫోల్డ్, మెకానికల్ పంపు తెచ్చేయ్. కార్బురేటర్ రిపేర్ కిట్ వేసి, జెట్లు కడిగి, ఫ్లోట్ సరిచేసి మునుపటి మాదిరి చేసిస్తా. నాలుగు వేలు కూడా కాదు." నాలుగు వేలు!

సరే, నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకి వెళ్లాను. గొడవ పెట్టుకోవాలని కూడా లేదు. డబ్బు పోయిందనే అనుకున్నాను. "నా పాత సామాన్లు ఇచ్చేయండి, తీసుకెళ్తాను" అన్నాను.

"ఏ సామాన్లు సార్?"

"నా కార్బురేటర్."

"అయ్యో, పాతవి మేం పెట్టుకోం సార్. గుజిరీకి పోతాయి. ఆ తుక్కు మీకెందుకు?"

నేనేం మాట్లాడలేదు. ఎందుకంటే అప్పటికే నా కళ్లు పక్క బండి మీద ఉన్నాయి. తెల్ల పద్మిని, బానెట్ ఎత్తి ఉంది, ఒక కుర్రాడు వంగి ఏదో బిగిస్తున్నాడు. వాడి మోచేతి కింద కార్బురేటర్ చోక్ లివర్ కనబడింది. లివర్‌కి రాగి తీగ చుట్టి ఉంది. మూడు చుట్లు, చివర రెండు కొసలూ కలిపి పిలకలా మెలేసి.

అది నాన్న చుట్టిన తీగ. 1992లో చిత్తూరు నుంచి వస్తూ మొగిలి ఘాట్‌లో చోక్ కేబుల్ బిగించే స్క్రూ ఎక్కడో ఊడిపడిపోయింది. చీకటి. నేను టార్చ్ పట్టుకున్నాను, చెయ్యి కదిలిస్తున్నానని రెండుసార్లు తిట్టారు. టూల్ సంచిలో పాత మోటారు వైండింగ్ తీగ ముక్క ఉంటే దాంతో చుట్టి, కటింగ్ ప్లేయర్‌తో మెలేశారు. ఇంటికొచ్చాక కొత్త స్క్రూ వేయిద్దామంటే, "పని చేస్తోంది కదరా, ఎందుకు కదిలించడం" అన్నారు. ముప్పై ఏళ్లు దాటినా ఎవరూ కదిలించలేదు. తీగ నల్లబడింది, పిలక మాత్రం అలాగే ఉంది.

"అది నాది" అన్నాను.

"ఒకే కంపెనీవి సార్, అన్నీ ఒకేలా ఉంటాయి."

"రాగి తీగతో సహానా?"

కుర్రాడి స్పానర్ ఆగింది. వాడు తల ఎత్తలేదు. షెడ్డంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. అప్పుడు మన పీలేరు తమ్ముడు నవ్వాడు. నవ్వి, "అంత సెంటిమెంట్ ఉన్నోళ్లు దేవుడి గదిలో పెట్టుకోవాల సార్. ఇంజెక్షన్ ఎందుకు పెట్టించుకున్నారు?" అన్నాడు.

లక్షా అరవై రెండు వేలు పోయినందుకు కాదు, ఈ మాటకి నాకు నిద్ర పట్టలేదు. జవాబు లేదు కాబట్టి. నిజంగానే, ఎందుకు పెట్టించుకున్నాను? నాన్న ముప్పై ఏళ్లు కదిలించనిదాన్ని మూడు రీళ్లు చూసి నేనే తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను.

ఫోన్ తీసి ఫోటో తీయబోయాను. బానెట్ దబ్బున మూసేశాడు. "కస్టమర్ బండి సార్, ప్రైవసీ." వచ్చిన ప్రతి బండినీ పాట పెట్టి రీల్ చేసేవాడికి నిన్న ప్రైవసీ గుర్తొచ్చింది. బానెట్ మూయడం వల్ల ఒక మేలు జరిగింది, అద్దానికి అతికించిన జాబ్ కార్డు కనబడింది. "సోలెక్స్ రీకండిషన్: 14,500." మా నాన్న కార్బురేటర్‌ని వాడు ఇంకొకరికి 14,500కి అమ్ముతున్నాడు. నా దగ్గర తీసినందుకు లేబర్ కూడా తీసుకున్నాడు.

రాత్రే పోలీస్ స్టేషన్‌కి వెళ్తానంటే మా ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది, "వెళ్లి ఏం చూపిస్తారు?" యూపీఐలో 60,000 పంపిన స్క్రీన్‌షాట్ ఉంది. వాట్సాప్‌లో ఇటలీ కిట్ అన్న వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. అంతే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి పొద్దున్నే చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు, చూద్దాం. బండి బేస్‌మెంట్‌లో బ్యాటరీ వైరు తీసేసి ఉంది. గొట్టం మార్చేదాకా స్టార్ట్ చేయను.

ఇంకా ఇంజెక్షన్ పెట్టించుకోవాలనే ఉందా? పెట్టించుకోండి, పద్ధతిగా చేసేవాళ్లు ఉన్నారు. ముందు ఆల్టర్నేటర్, తర్వాతే ఈసీయూ. టాంకులో తుప్పు కడిగించండి, లేకపోతే ఇంజెక్టర్ నెలలో మూసుకుపోతుంది. గొట్టం మీద అక్షరాలు మీరే చదవండి. బిల్లు తీసుకోండి, పాస్‌వర్డ్ తీసుకోండి. తీసిన ప్రతి నట్టూ అదే రోజు డబ్బాలో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి. ఇంకో మాట, 50 ఏళ్లు నిండిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే రూల్ 2021లో వచ్చింది. ఇంజన్‌లోనో ఛాసిస్‌లోనో పెద్ద మార్పులు చేసిన బండికి అది రాదు. నాది 2028కి 50 నిండుతుంది. ఈ రూల్ నేను చదివింది నిన్న రాత్రి రెండింటికి.

చివరగా ఆ తెల్ల పద్మిని ఓనర్ గారికి. మీరెవరో నాకు తెలీదు, మీ తప్పేం లేదు. ఇది మీ కంటబడితే దయచేసి ఒకసారి బానెట్ ఎత్తి చోక్ లివర్ చూడండి. మూడు చుట్లు రాగి తీగ ఉంటే ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి. మీరు కట్టిన 14,500 నేనిస్తాను, మంచి సోలెక్స్ ఒకటి వెతికి మీ బండికి బిగించే ఖర్చు కూడా నాదే. అప్పటిదాకా ఆ తీగ మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి.