మోకాలు మార్పించుకున్నాక పన్ను పీకించుకోవాలంటే: ముందు యాంటీబయాటిక్ వేసుకోవడం మేలా, మానడం మేలా?

మా అమ్మకు బెంగళూరులో కుడి మోకాలు మార్పించి నాలుగేళ్లయింది. అనంతపురంలో పెద్ద ఆపరేషన్ అంటే చాలామందిమి అటే బస్సెక్కుతాం. ఆపరేషన్ అక్కడ, ఆ తరువాత బతుకంతా ఇక్కడ. మా చిక్కు అక్కడే మొదలైంది. పోయిన నెల అమ్మకు కింది దవడ పన్ను ఒకటి పీకాల్సి వచ్చింది. డిశ్చార్జి కాగితం చివర ఒక లైను ఉంది: పంటి వైద్యం ఏది చేయించుకున్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలని. ఇక్కడి పంటి డాక్టరేమో ఆ కాగితం చూసి, "ఇప్పుడు దీనికి అవసరం లేదమ్మా" అన్నాడు. ఇంటికి వచ్చినాక అమ్మకు ఒకటే టెన్షన్. "కాలు కోసినాయన మాట వినాల్నా, పన్ను పీకేటాయన మాట వినాల్నా పాపా?"

ముందు సర్జన్ పక్క నిలబడి చూద్దాం. పన్ను పీకితే చిగుళ్లలోని క్రిములు కాసేపు రక్తంలోకి దిగుతాయి. కొత్త కీలు లోహం, ప్లాస్టిక్. దానికి రక్తప్రసరణ ఉండదు. క్రిమి దాని మీద వాలిందంటే చుట్టూ జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది, మందు లోపలికి సరిగా చేరదు. అప్పుడు కాలు మళ్లీ తెరిచి కడగాలి. కొందరికి కీలే తీసేసి, వారాల తరబడి మందు ఎక్కించి, ఆ తరువాత ఇంకో కీలు పెట్టాలి. అలాంటి రోగిని ఒక్కరిని చూసిన డాక్టరుకు, గంట ముందు రెండు గ్రాముల అమాక్సిసిలిన్, అంటే 500 ఎంజీ గొట్టం మాత్రలు నాలుగు మింగమనడం పెద్ద విషయంగా అనిపించదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

కానీ ఆ నాలుగు మాత్రలు నిజంగా కీలును కాపాడతాయా? 2008లో అమెరికాలో 290 మంది మీద చేసిన పరిశోధన ఒకటుంది. మాత్ర లేకుండా పన్ను పీకించుకున్నవాళ్లలో 60 శాతం మంది రక్తంలో క్రిములు కనిపించాయి. మాత్ర వేసుకున్నవాళ్లలో 33 శాతం. ఇక్కడిదాకా మాత్రదే గెలుపు. అయితే ఊరికే పళ్లు తోముకున్నవాళ్లలో కూడా 23 శాతం మందికి రక్తంలో క్రిములు దిగాయి. పన్ను ఏ నాలుగేళ్లకో ఒకసారి పీకిస్తాం. తోముకునేది రోజూ. చిగుళ్లు వాచి ఉంటే జొన్నరొట్టె నమిలినా క్రిములు రక్తంలోకి పోతాయి. రొట్టె తినే ముందు ఎవరూ మాత్ర వేసుకోరు కదా!

2010లో అమెరికాలోని పెద్దాసుపత్రి మేయో క్లినిక్ వాళ్లు ఇంకా సూటిగా చూశారు. కృత్రిమ కీలుకు ఇన్‌ఫెక్షన్ వచ్చిన 339 మందిని, రాని 339 మందితో పోల్చారు. పంటి వైద్యం వల్ల ముప్పు పెరిగినట్టు తేలలేదు. ముందు మాత్ర వేసుకున్నందువల్ల తగ్గినట్టూ తేలలేదు. అసలు కీళ్లలో దొరికే క్రిముల్లో ఎక్కువ భాగం చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ రకాలు. నోటి క్రిముల వాటా తక్కువ.

మరి ఇద్దరు డాక్టర్ల మాటలు ఎందుకు కలవలేదు? సలహాలే మారుతూ వచ్చాయి. అమెరికాలో 1997లో, ఆపరేషన్ అయి రెండేళ్లు దాటనివాళ్లకు, ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లకు మాత్ర ఇచ్చే విషయం ఆలోచించమన్నారు. 2009లో ఎముకల సర్జన్ల అకాడమీ అందరికీ, జీవితాంతం ఆలోచించమంది. 2012లో అదే అకాడమీ దంతవైద్యుల సంఘంతో కలిసి, అలవాటుగా రాసే పద్ధతి మానే విషయం ఆలోచించమంది. 2015 జనవరిలో దంతవైద్యుల సంఘం, మామూలుగా అయితే అవసరం లేదని తేల్చి చెప్పింది. మా అమ్మ కాగితంలో ఉన్నది 2009 నాటి మాట. పంటి డాక్టరు చెప్పింది 2015 నాటిది.

"ఒక్కసారి వేసుకుంటే ఏం పోతుందిలే" అనేవాళ్లకు ఒక మాట. ఒక్క మోతాదుకే విరేచనాలు పట్టుకోవచ్చు, దద్దుర్లు రావచ్చు. అరుదుగానైనా ప్రాణం మీదకు తెచ్చే అలర్జీ రావచ్చు. పెన్సిలిన్ పడనివాళ్లకు ఒకప్పుడు బదులుగా రాసే క్లిండమైసిన్‌ను, పేగులకు చేసే చేటు వల్ల, గుండె జబ్బులున్నవాళ్లకు పంటి వైద్యం ముందు ఇవ్వడం కూడా 2021లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వద్దనేసింది. ఇక అవసరం లేకుండా వాడేకొద్దీ మొండి క్రిములు మిగులుతాయి. రేపు కీలుకు నిజంగా ఇన్‌ఫెక్షన్ వస్తే పనిచేయాల్సింది ఈ మందులే. మాత్రల పట్టీ వెనక నిలువుగా ఎర్రగీత ఉండేది డాక్టరు చీటీ లేకుండా కొనొద్దనే. మన మెడికల్ షాపుల్లో ఆ గీతను చూసేవాళ్లు ఎంతమంది?

అలాగని అందరూ మానేయండని చెప్పను. ఆ కీలుకు ఇంతకుముందే ఇన్‌ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లు, షుగర్ అదుపులో లేనివాళ్లు, కీమో నడుస్తున్నవాళ్లు, కీళ్లవాతానికి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఉంటారు. వాళ్ల విషయం సర్జన్, పంటి డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. ఆపరేషన్ కొత్తలో, ఆగగలిగే పంటి పని ఏదైనా మూడు నెలలు ఆపడం మంచిది. ఇంకా మంచిది, మోకాలు ఆపరేషన్‌కు పోకముందే పళ్లు చూపించుకోవడం. గుండెలో కృత్రిమ వాల్వు ఉన్నవాళ్ల లెక్క పూర్తిగా వేరు, వాళ్లకు మాత్ర కావాలి. పంటి కింద చీము పట్టి జ్వరం వస్తే ఇచ్చే మందు కూడా వేరు, అది వైద్యం.

మిగతా పరీక్షలకు ఇంత గొడవ లేదు. గొట్టం కెమెరాతో కడుపు, పేగులు చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీకి కీలు కోసమని యాంటీబయాటిక్ వద్దని ఆ రంగం డాక్టర్ల సంఘమే 2015లో చెప్పింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే మాత్రం, మూత్రనాళంలోకి గొట్టం వేసే ముందే దానికి వైద్యం చేయించుకోవాలి.

మా ఇంట్లో ఏం చేశామంటే, బెంగళూరు సర్జన్‌కు ఫోన్ చేశాను. "షుగర్ ఎంతుంది?" అని అడిగాడు. మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 6.9 అన్నాను. "అయితే వద్దులేమ్మా, పీకించేయండి" అన్నాడు. మాత్ర లేకుండానే పీకించాం. మరుసటి వారం చిగుళ్లు శుభ్రం చేయించాం, మెత్తని బ్రష్ కొన్నాం. నా లెక్కలో నాలుగు గొట్టం మాత్రలకన్నా ఇదే మేలు.

ఒక్కటి మాత్రం అమ్మకు గట్టిగా చెప్పి పెట్టాను. మోకాలు ఎర్రబడినా, కొత్తగా వాచినా, నొప్పితో జ్వరం వచ్చినా ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మింగకూడదు, నేరుగా సర్జన్ దగ్గరికి పోవాలి. కీలులోని నీరు తీసి పరీక్షకు పంపకముందే మందు పడితే, ఏ క్రిమో దొరక్కుండా పోవచ్చు. ఇప్పుడు పొద్దున లేస్తూనే మంచం మీద కాళ్లు చాపుకుని, అరచేతి వెనక భాగం ముందు ఎడమ మోకాలికి, తరువాత కుడి మోకాలికి ఆనించి వేడి చూసుకుంటుంది. "రెండూ ఒకటే మాదిరి ఉండాయిలే" అని లేచి పొయ్యి దగ్గరికి పోతుంది.