తుంటి అరుగుదలకి ఏది మేలు: మాత్రా, కసరత్తా, ఆపరేషనా?

పర్లాకిమిడిలో మా మేనత్త ఒకప్పుడు అరుగు మీద బాసింపట్టు వేసుకుని చింతపిక్కలు తీసేది. ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీ, కుడికాలు ముందుకి చాపి. నొప్పి గజ్జలో మొదలై తొడ ముందు నుంచి మోకాలిదాకా దిగుతుంది. పాపం, ఆరు నెలలు మోకాలికే నూనె రాసుకుంది. ఎక్స్‌రే తీస్తే అరిగింది తుంటి కీలు.

ఇంట్లో మూడు పార్టీలయ్యాయి. అత్తది మాత్రల పార్టీ, బావది ఆపరేషన్ పార్టీ, నాది కసరత్తు.

మాత్ర సంగతి ముందే తేల్చేద్దాం. డైక్లోఫెనాక్ వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, కాదనను. కానీ రోజూ నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకి దెబ్బ, బీపీ పెరగడం. అత్తకి అసలే బీపీ. పోనీ పారాసిటమాల్ అంటారా, బ్రిటన్‌లో ఏ జబ్బుకి ఏ చికిత్సో డాక్టర్లకి సూచించే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన సూచనల్లో కీళ్ల అరుగుదలకి దాన్ని మామూలుగా రాయొద్దనే చెప్పింది. కసరత్తుని మాత్రం అందరికీ ఇవ్వాల్సిన ముఖ్య చికిత్సల్లో పెట్టింది.

మరి కసరత్తు లాభం ఎంత? వైద్య పరిశోధనల్ని కలిపి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2014 నాటి సమీక్షలో 10 ట్రయల్స్ (రోగుల మీద చేసిన పరీక్షలు) చూసి తేల్చింది: నొప్పిని 100కి కొలిస్తే సుమారు 8 పాయింట్లు తగ్గింది. అద్భుతమేమీ కాదు. అయితే కసరత్తు కోర్సు ముగిశాక మూడు నుంచి ఆరు నెలలపాటు ఆ మేలు నిలిచింది. అదే ఏడాది ఆస్ట్రేలియా నుంచి ఇంకో ట్రయల్ ఫలితాలు వచ్చాయి. కొందరికి ఫిజియోథెరపీ చేశారు, మరికొందరికి ఆన్ చేయని అల్ట్రాసౌండ్ ఆనించి మందు లేని జెల్ రాశారు. రెండు జట్లకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది! మా పార్టీకి ఇది మింగుడుపడని సంగతే, అయినా దాచడం ఎందుకు.

బావ చేతిలో ఇంకా పెద్ద ముక్క ఉంది. తుంటి బాగా అరిగిన యాభై దాటినవాళ్లని డెన్మార్క్‌లో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కీలు మార్పిడి, రెండోదానికి బరువులతో కసరత్తు. 2024లో ఫలితాలు వచ్చాయి. తుంటి నొప్పినీ, రోజువారీ పనుల్నీ కలిపి లెక్కించే 48 మార్కుల కొలతలో ఆరు నెలలకి ఆపరేషన్ జట్టు 15.9 మెరుగుపడితే, కసరత్తు జట్టు 4.5 దగ్గరే ఆగింది. కానీ కసరత్తు జట్టులో ఉన్న 56 మందిలో ఆ ఆరు నెలల్లో ఆపరేషన్‌కి వెళ్లింది ఐదుగురే.

అందుకే నా లెక్క ఇది. రాత్రి నిద్ర పట్టక, నాలుగడుగులు వేయలేని స్థితి వస్తే కసరత్తుతో కాలం గడపొద్దు, ఆపరేషనే మేలు. అత్త ఇంకా బజారుకి వెళ్లొస్తోంది, నిద్రపోతోంది. ఆమెకి కసరత్తే ముందు. ముప్పై నలభై ఏళ్లకే తుంటి నొప్పి వస్తే మాత్రం ఈ లెక్కలేవీ పెట్టుకోకండి. అది రక్తం అందక ఎముక చచ్చిపోవడం కావచ్చు, డాక్టర్ని కలవాల్సిందే.

"రోజంతా ఇంట్లో తిరుగుతానే ఉంటాను, మళ్లీ కసరత్తేటిరా?" అంది అత్త. చిక్కంతా అక్కడే. ఇంటిపనికి ఒళ్లు అలుస్తుంది గానీ పిరుదు పక్క కండరానికి బలం రాదు. వంటగట్టు పట్టుకుని కుడికాలి మీద నిలబడమన్నాను. ఎడమవైపు నడుము జారిపోయింది. బలం చాలనిది ఆ కుడి పిరుదు కండరానికే. వారానికి మూడుసార్లు పక్కకి పడుకుని కాలెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా, మర్నాటికి సర్దుకుంటే ఫరవాలేదు. కర్ర మాత్రం ఎడమచేతికి, నొప్పి లేని వైపుకి మార్చాం.

ఆపరేషన్ మాట కొట్టేయలేదు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు వాళ్లది, మాది ఒడిశా కార్డు. బరంపురమా, విశాఖా, ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో బావ కనుక్కుంటున్నాడు. ఈలోగా అత్త కుర్చీలోంచి లేవడం ఆరు నుంచి పదికి వచ్చింది. పదకొండోది అడిగితే తిడుతోంది.