పడమటి హాలుకు గంధం రంగా, లేత నీలమా?

పడమర కిటికీ ఉన్న హాలుకు గంధం, లేత నారింజ లాంటి వెచ్చటి రంగులు పొద్దున పూట ముచ్చటగానే ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటి ఎండ నేరుగా పడిందా, గోడలు మండుతున్నట్టే కనిపిస్తాయి. మే నెల విజయవాడలో అది భరించడం కష్టం. అక్కడ లేత నీలమో, బూడిద కలిసిన ఆకుపచ్చో నయం. గోడ రంగు మారిస్తే గదిలో వేడేం తగ్గదు లెండి, కంటికి హాయి అంతే.

ఉత్తరపు గది సంగతి వేరు. ఏడాదిలో ఎక్కువ కాలం నేరుగా ఎండ రాదు, వచ్చే వెలుతురులోనే కాస్త నీలి ఛాయ ఉంటుంది. దానికి మళ్లీ నీలం వేస్తే గది దిగులుగా ఉంటుంది. గంధమే వేయించండి.

చాలామంది బల్బు సంగతి మరిచిపోతారు. 6500 కెల్విన్ (లైటు రంగు ఎంత తెలుపో, ఎంత పసుపో చెప్పే కొలత) తెల్ల లైటు కింద గంధం గోడ పాలిపోతుంది. 3000 కెల్విన్ పసుపు లైటు కింద లేత నీలం కాస్త ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. షేడ్ కార్డు చూసి డబ్బా కొనేయకుండా, గోడ మీద రెండడుగుల మేర రెండు పూతలు వేయించి రాత్రి లైట్లో కూడా చూడండి.

వెచ్చటి రంగు, చల్లటి రంగు రెండూ కావాలంటే సగం సగం మాత్రం వద్దు. నీలం గోడలకు టేకు సోఫా, ఇటుక రంగు దిండ్లు రెండు చాలు. కింద ఎర్ర గచ్చు ఉంటే అవీ అక్కర్లేదు.